మగపెళ్లివారు తగ్గి కూర్చున్న పెళ్లి: ఒక బటక్–తెలుగు వివాహం కేస్ స్టడీ

వధువుది ఇండోనేసియాలోని టోబా బటక్ జాతి కుటుంబం. పూర్వీకుల ఊరు ఉత్తర సుమత్రాలో టోబా సరస్సు ఒడ్డున ఉన్న బాలిగె. ఆమె పుట్టి పెరిగింది మాత్రం జకార్తాలో. వరుడిది గుంటూరు, జకార్తాలోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇద్దరూ లూథరన్ క్రైస్తవులే. ఆమెది 1861లో మొదలైన బటక్ ప్రొటెస్టెంట్ సంఘం హెచ్‌కెబిపి. అతనిది ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి; 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హేయర్ వేసిన పునాది మీద లేచింది. రెండూ లూథరన్ ప్రపంచ సమాఖ్యలో సభ్య సంఘాలే. ఒకే మతం, ఒకే శాఖ, ఇక పేచీ ఏముంటుందని రెండు వైపులా ధీమాగా ఉన్నారు. నిజంగానే మతం వల్ల వచ్చిన పేచీలు తక్కువ. అసలు తంటా అంతా ఎవరు ఎవరికి ఏమివ్వాలి, ఎవరు ఎవరి ముందు తగ్గాలి అన్న దగ్గరే వచ్చింది.

పెళ్లి సంబంధాలు కుదర్చడం నా వృత్తి కాదు. కుదిరిపోయిన సంబంధంలో రెండు దేశాల పెద్దలు ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేలా చూసి, తంతు గొడవ లేకుండా నడిపించి పెడతాను. ఈ కేసు రాయడానికి ఇద్దరి అనుమతీ ఉంది. గుర్తుపట్టగల వివరాలు, వంశనామాలు మార్చాను.

చట్టపరమైన పని సాఫీగానే సాగింది కనుక క్లుప్తంగా చెబుతాను. ఇండోనేసియాలో 1974 నాటి వివాహ చట్టం ప్రకారం పెళ్లి ముందు మత పద్ధతిలో జరగాలి, ఆ తరువాత నమోదు కావాలి. వరుడు తన బాప్తిస్మపు పత్రం, కన్ఫర్మేషన్ పత్రం గుంటూరు నుంచి తెప్పించుకున్నాడు. పెళ్లికి అడ్డంకి లేదన్న కాగితం భారత రాయబార కార్యాలయం నుంచి తీసుకున్నాడు. అతను హిందువో ముస్లిమో అయి ఉంటే ఈ పేరా ఇంత చిన్నదిగా ఉండేది కాదు. వేర్వేరు మతాల వారి వివాహాల నమోదుకు అనుమతి ఇవ్వవద్దని అక్కడి సుప్రీంకోర్టు 2023లో కింది కోర్టులకు సర్క్యులర్ పంపింది. అలాంటి జంటలు నా దగ్గరకు వస్తే ముందు వకీలు దగ్గరకు పంపుతాను, పెళ్లి తంతు సంగతి ఆ తరువాతే.

"మాకు కట్నం వద్దండీ"

మొదటి వీడియో కాల్‌లోనే కొంప మునిగినంత పనైంది. వరుడి తండ్రి విశ్రాంత ఉపాధ్యాయుడు. కట్నం పేరెత్తితే మండిపడే మనిషి. పెద్ద కొడుకు పెళ్లికి రూపాయి పుచ్చుకోలేదని ఊరంతా చెప్పుకుంటారు. ఆయన నిండుగా చేతులు జోడించి, "మాకు కట్నం కానుకలు ఏమీ వద్దండీ. డబ్బు మాటే ఎత్తవద్దు. మీ అమ్మాయిని ఇస్తే అదే పదివేలు" అన్నారు. కొడుకు దాన్ని ఉన్నదున్నట్టు ఇండోనేసియా భాషలో చెప్పాడు. అవతల ఎవరూ పలకలేదు. వధువు పెదనాన్న లేచి వెళ్లిపోయారు.

కారణం తెలిస్తే ఆయన కోపం న్యాయమే అనిపిస్తుంది. బటక్ పెళ్లిలో సొమ్ము మగపెళ్లివారి నుంచి ఆడపెళ్లివారికి వెళుతుంది. దాన్ని సినామోట్ అంటారు. అందులో కొంత విందు ఖర్చుకు పోతుంది, మిగిలింది వధువు పెదనాన్న, చిన్నాన్నలకు, మేనమామకు, మరికొందరికి వారి వారి స్థానాన్ని బట్టి పంచుతారు. అందుకున్నవారంతా ఆ పెళ్లికి సాక్షులూ పూచీదార్లూ అవుతారు. కాబట్టి "డబ్బు మాట ఎత్తవద్దు" అన్న ఉదారమైన మాట వారి చెవికి "పిల్లను ఊరికే ఇవ్వండి, మీ వాళ్లెవరినీ మేము లెక్కపెట్టం" అన్నట్టు వినిపించింది.

ఇటు గుంటూరులోనూ సినామోట్ సంగతి చెప్పగానే అంతే గొడవ. వరుడి పెద్దమ్మ "అంటే కన్యాశుల్కమా! పిల్లను కొనుక్కోవడమా?" అని ముక్కు మీద వేలేసుకున్నారు. దాన్ని సిద్ధాంతంతో సమర్థించడం నాకు ఇష్టం ఉండదు. ఈ ఆచారం మీద బటక్ అమ్మాయిలలోనూ విమర్శలున్నాయి, మొత్తం మరీ ఎక్కువ అడిగే ఇళ్లూ ఉన్నాయి. నేను చేసిందల్లా ఆ సొమ్ము ఎవరెవరి చేతికి వెళుతుందో, దానికి బదులు వారు పెళ్లిలో ఏమేమి చేయాలో ఒక కాగితం మీద గీసి మాస్టారికి చూపించడం. వధువు తండ్రికి చివరకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదని లెక్క చూశాక ఆయన శాంతించారు. "ఇది కట్నం కాదండీ, పెళ్లి ఖర్చు మనం పెట్టుకోవడం. అది మన ధర్మమే" అని తనకు తానే ఒక అర్థం చెప్పుకున్నారు. అది పూర్తిగా సరైన అర్థం కాదు. అయినా నేను దిద్దలేదు.

మూడు రాళ్ల పొయ్యి

టోబా బటక్‌ల సమాజమంతా దలిహన్ నా టోలు అనే ఏర్పాటు మీద నిలబడి ఉంటుంది. అంటే పొయ్యికి ఉండే మూడు రాళ్లు. ఒకే వంశం వారు దోంగన్ తుబు, వారితో ఆచితూచి మెలగాలి. మనకు పిల్లనిచ్చిన వంశం హులా-హులా, వారికి నమస్కరించాలి. మన ఆడపడుచులను చేసుకున్న వంశం బోరు, వారిని బుజ్జగించి పని చేయించుకోవాలి. ఇందులో ఎవరూ శాశ్వతంగా పైవారు కారు. ఈ రోజు అల్లుడి హోదాలో వంటశాలలో గిన్నెలు మోసిన పెద్దమనిషే రేపు తన చెల్లెలి అత్తవారింటికి వెళితే ఆసనం మీద కూర్చుంటాడు.

మన పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు. మన దగ్గర ఆడపిల్లవారు ఎదురెళ్లి కాళ్లకు నీళ్లివ్వాలి. అల్లుడు అలిగితే అత్తవారు బుజ్జగించాలి. అక్కడ పిల్లనిచ్చినవారే పైన. అల్లుడు అత్తవారింట శుభకార్యమైతే పని చేయడానికి వెళ్లాలి. పెళ్లిలో వధువు తల్లిదండ్రులు అతనికి ఉలోస్ అనే నేత వస్త్రం కప్పడంతో పాటు మందార్ హేలా అనే లుంగీ కూడా ఇస్తారు. రేపటి నుంచి మా ఇంటి పనికి నడుం బిగించు అని దాని భావం.

ఇన్ని పెళ్లిళ్లు చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఈ తంతులో సమయం, తిండి, భాష, డబ్బు, బట్టల సంఖ్య, వీటన్నిటినీ పెద్దలు ఒప్పుకుంటే మార్చవచ్చు. ఇచ్చిపుచ్చుకోవడం ఎటు నుంచి ఎటు సాగాలన్నది మార్చడానికి వీల్లేదు. ఉలోస్, బియ్యం, చేప హులా-హులా నుంచి బోరుకు వస్తాయి. మాంసం, డబ్బు బోరు నుంచి హులా-హులాకు వెళతాయి. దీన్ని తిరగేస్తే పెళ్లి చిన్నదైపోదు, అర్థం లేనిదైపోతుంది. చాలామంది సలహాదారులు "రెండు సంస్కృతుల మేళవింపు" అని ఒకే వేదిక మీద అన్నీ కలిపేస్తారు. ఫొటోలు బాగా వస్తాయి. పెద్దలు మాత్రం మనసులో కష్టపెట్టుకుని ఇళ్లకు వెళతారు.

ఖాళీగా ఉన్న వైపు

బటక్ కాని వరుడికి ఉండే అసలు లోటు పేరు చివర వంశనామం లేకపోవడం కాదు, వేదిక మీద అతని వైపు కూర్చోవలసిన వాళ్లే లేకపోవడం. సినామోట్ మాట్లాడేదెవరు, మాంసం మోసుకొచ్చేదెవరు, ఉలోస్ అందుకునేదెవరు? అందుకే మంగాయిన్ అనే దత్తత తంతు ముందు జరగాలి, అదీ సినామోట్ చర్చ కంటే ముందే.

ఏ వంశంలో చేర్చాలన్నది ఇష్టాన్ని బట్టి ఉండదు. బయటి నుంచి వచ్చిన వరుడైతే సాధారణంగా వధువు మేనత్త భర్త వంశంలోకి తీసుకుంటారు, ఎందుకంటే వారు అప్పటికే ఆ ఇంటి పిల్లను చేసుకున్న బోరు. బయటి నుంచి వచ్చిన వధువైతే వరుడి మేనమామ వంశంలోకి. 2017లో అప్పటి ఇండోనేసియా అధ్యక్షుడు జోకో విడోడో కూతురు కహియాంగ్, మండైలింగ్ బటక్ యువకుడు బాబీ నసుతియోన్‌ను చేసుకున్నప్పుడు ఆమెకు సిరెగార్ వంశనామం ఇచ్చారు. అది బాబీ తల్లి పుట్టింటి వంశం. వాళ్లు ముస్లింలు, మండైలింగ్ పద్ధతులు టోబా వారివి కావు. అయినా లెక్క అదే.

ఈ కేసులో వధువు నైంగోలాన్ వంశపు ఆడపడుచు. ఆమె మేనత్త భర్త మనురుంగ్. కాబట్టి మన గుంటూరు అబ్బాయి మనురుంగ్ కావాలి. ఈ సంగతి వివరిస్తుంటే వరుడి నాయనమ్మ మధ్యలో ఆపి, "అయితే పిల్ల మేనత్తకు వీడు కొడుకవుతాడన్నమాట. ఇంకేం, మేనరికమే!" అన్నారు. నిజమే. బటక్‌లలో మగవాడికి మేనమామ కూతురే అన్నిటికంటే ఉత్తమమైన సంబంధం. ఎక్కడి నుంచో వచ్చినవాణ్ణి ఆ వరుసలోకి సర్దడానికే ఇంత తతంగం. నాయనమ్మ ఆ ఒక్క మాటతో సగం బంధువులను ఒప్పించేశారు. నా గీతల కాగితాలకు అంత బలం లేదు.

అయితే పోలిక ఒక చోట ఆగిపోతుంది. మనకు మేనమామ కూతురైనా మేనత్త కూతురైనా ఒకటే. వారికి మేనత్త కూతురు చెల్లెలితో సమానం, ఆ పెళ్లి జరిగితే ఇచ్చేవారు పుచ్చుకునేవారవుతారు. వరుడి అన్నగారిది మేనత్త కూతురితోనే పెళ్లి. ఈ సంగతి బయటపడగానే బటక్ పెద్దలు కొంతసేపు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ తరువాత ఒక పెద్దాయన మర్యాదగా "వాళ్ల దేశంలో పొయ్యికి రాళ్లు వేరేగా పేరుస్తారు" అని ఆ విషయాన్ని అక్కడితో ముగించారు.

దత్తతకు ఒప్పుకోవలసింది తండ్రి ఒక్కడే కాదు. ఆ ఇంటి కొడుకులు, వంశం పెద్దలు, దత్తత తీసుకుంటున్న ఇంటి హులా-హులా, అందరి సమ్మతీ కావాలి. మనురుంగ్ ఇంట్లో ఇద్దరు కొడుకులు. చిన్నవాడు సూటిగా అడిగాడు: "ఇతను నాకంటే పెద్దవాడు. మరి నేను అన్నా అని పిలవాలా?" తేలింది ఏమిటంటే వయసు ఎంతైనా ఇంట్లోకి చివర వచ్చినవాడు చివరి కొడుకే. ముప్పై దాటిన వరుడు కాలేజీ కుర్రాణ్ణి అన్నా అని పిలవడానికి ఒప్పుకున్నాడు. ఆస్తిలో వాటా ఉండదనీ, పాస్‌పోర్టులో పేరు మారదనీ, కార్యాల్లో బాధ్యత మాత్రం పూర్తిగా ఉంటుందనీ పెద్దల ముందు బిగ్గరగా చెప్పించాను. ఇలాంటివి మొహమాటానికి వదిలేస్తే తరువాత తలనొప్పి.

అందరికంటే నలిగిపోయింది వరుడి తల్లి. మన దగ్గర దత్తత ఇచ్చామంటే బిడ్డ మన ఇంటివాడు కాకుండా పోయినట్టే. ఆమె ఫోనులో నన్ను అడిగిన మాట: "కన్నదాన్ని బతికుండగానే వాణ్ణి ఇంకొకరి చేతిలో పెట్టమంటున్నారా అండీ?" దీనికి వివరణలు పనిచేయవు. చేయగలిగింది తంతులో ఆమెకు ఒక స్థానం ఇవ్వడమే. మామూలుగా మంగాయిన్‌లో దత్తత తీసుకునే తల్లిదండ్రులు అతనికి చేప, అన్నం తినిపించి ఉలోస్ కప్పుతారు. తంతు నడిపే రాజా పర్హతాతో మాట్లాడి, ముందు కన్నతల్లి ఒక ముద్ద పెట్టి, ఆ తరువాత కొడుకు చేయి వధువు మేనత్తకు అందించేలా కుదిర్చాము. ఆ రోజు మేనత్త ఆమెతో అన్న మాటను వధువు తెలుగులో చెప్పింది: "వదినా, వీడు మీ కొడుకే. మా వాళ్ల ముందు వీడి తరఫున మాట్లాడే నోరు మాది, అంతే." ఆ మాట ఎవరూ నేర్పింది కాదు.

పట్టుచీర ఎటు వెళ్లాలి

పెళ్లికి వారం ముందు వరుడి తల్లి మంగళగిరి పట్టుచీరలు, కండువాలు తెచ్చారు. వియ్యపురాలికి వేదిక మీద చీర పెట్టి, వియ్యంకుడికి కండువా కప్పాలని ఆమె కోరిక. మన దృష్టిలో ఇంతకంటే మర్యాద ఏముంటుంది? బటక్ దృష్టిలో వస్త్రం కప్పేవారు దీవించేవారు. బోరు లేచి హులా-హులా భుజం మీద వస్త్రం వేయడమంటే వచ్చినవాళ్లే ఇంటివాళ్లను ఆశీర్వదించడం. అంతమంది పెద్దల ముందు అది జరిగితే చక్కదిద్దడం కష్టం.

అలాగని చీరలు సూట్‌కేసులో మడిచి పెట్టేయమంటే ఆ తల్లి మనసు విరుగుతుంది. రెండు భాగాలుగా తేల్చాము. జకార్తాలో చీరలు బయటకు రావు. పెళ్లి తరువాత గుంటూరులో జరిగే విందులో, మన ఇంట్లో, మన పద్ధతిలో పెట్టుకోవచ్చు. ఆ రోజు వధువు తల్లిదండ్రులు మన ఇంటికి చుట్టాలు. వధువు తండ్రికి ఇది ముందుగానే చెప్పి ఒప్పించాను. "మీ ఇంట్లో మీ ఆచారం. అక్కడ నేను రాజును కాను, అతిథిని" అన్నారు. నేను వేదికలు కలపకుండా విడదీస్తానంటే అర్థం ఇదే. ఒక్కో చోట ఒక్కో క్రమం పూర్తిగా నడవాలి.

దీనికి ఎదురు ప్రశ్న ఒకటి వచ్చింది. హులా-హులా వరుడి తల్లిదండ్రులకు ఇచ్చే ఉలోస్ పన్సామోట్ ఎవరికి కప్పాలి, దత్తత తల్లిదండ్రులకా, కన్నవారికా? టోబా నేతలో గౌరవప్రదమైన రాగీదుప్‌ను దీనికి వాడతారు. ఇక్కడ పెద్దలలో ఏకాభిప్రాయం లేదు. ఇద్దరికీ ఇస్తే దత్తతకు విలువేముందని కొందరు, కన్నవారిని చూస్తూ కూర్చోబెట్టడం పాపమని కొందరు. చివరకు ముందు మనురుంగ్ దంపతులకు, వెంటనే రెండో రాగీదుప్ గుంటూరు దంపతులకు కప్పారు. ఖర్చు పెరిగింది, దిక్కు మాత్రం మారలేదు. ఒక పెద్దాయన ఆ సమయంలో కావాలనే బయటకు వెళ్లి సిగరెట్ కాల్చుకుని వచ్చారు.

పెళ్లి రోజు

చర్చిలో ఒప్పంద ఆరాధన, వరుసగా రెండు ఆదివారాల ప్రకటన ముందే అయ్యాయి. పెళ్లి రోజు ఉదయం రెండు కుటుంబాలు కలిసి టిఫిన్ చేసి, చర్చికి వెళ్లి, అక్కడి నుంచి హాలుకు చేరాయి.

మగపెళ్లివారు, అంటే మనురుంగ్‌లు, పంది మాంసం ప్రధాన భాగాలు పళ్లెంలో పెట్టి వధువు తల్లిదండ్రుల ముందు నమస్కరించి అందించారు. బదులుగా అటు నుంచి పసుపు, అందలిమాన్ మిరియం దట్టించి వండిన గండుచేపలు వచ్చాయి. గుంటూరు నుంచి వచ్చినవారిలో పంది మాంసం ముట్టనివారు ఎక్కువ. దానికి కొత్తగా ఏమీ కనిపెట్టనక్కరలేదు. పంది మాంసం తినని అతిథుల కోసం పర్సుబాంగ్ అని వేరే వంట పెట్టడం బటక్ పెళ్లిళ్లలో మామూలే. ఆ బల్ల మీద కోడికూర, పప్పు, ఒక పెద్ద గిన్నెలో గోంగూర పెట్టించాము. గోంగూర దగ్గరకు బటక్ ఆడవాళ్లు వరుస కట్టారు.

సినామోట్ బేరం మాస్టారిని బాగా కంగారు పెట్టింది. మొత్తం ఎంతన్నది ఎప్పుడో, పెద్దలు చాటుగా జరుపుకునే గుసగుసల సమావేశంలో తేలిపోయింది. పెద్దల సమక్షంలో మాట్లాడేటప్పుడు మాత్రం రెండు వైపుల వక్తలూ సామెతలు, పద్యాలతో అప్పుడే మొదటిసారి వింటున్నట్టు వాదించుకుంటారు. అది గొడవనుకుని ఆయన నా చెవిలో "ఇంకొంచెం కలిపి ఇచ్చేద్దామండీ, పరువు పోతుంది" అన్నారు. పక్కనే ఉన్న మనురుంగ్ పెద్దాయన భాష తెలియకపోయినా భావం కనిపెట్టి, ఆయన మోకాలి మీద తట్టి కూర్చోబెట్టారు.

ఉంపాసా అనే దీవెన పద్యాలను ప్రతి పంక్తీ అనువదించవద్దన్నాను, వినేవారు అలిసిపోతారు. ఒక్కటి మాత్రం తప్పక చెప్పించాను: పదిహేడు మంది కొడుకులు, పదహారు మంది కూతుళ్లు కలగాలన్నది. మనవాళ్లు పగలబడి నవ్వితే అటువైపు "ఇమా తుతు", అంటే తథాస్తు, అని గంభీరంగా పలికారు.

సమయం తగ్గించడానికి ఒకటే కోత పెట్టాము. నిర్ణీత స్థానాలు ఉన్నవారే వస్త్రం కప్పారు. మిగతా బంధువులు కవరులో డబ్బు ఇచ్చారు. దానికి ఒక్క రోజులో నేసిన ఉలోస్ అని బటక్‌లే పెట్టుకున్న చమత్కారమైన పేరుంది కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు.

ఊహించని పేచీ బియ్యం దగ్గర వచ్చింది. ప్రాణశక్తి గట్టిపడాలని హులా-హులా కొత్త జంట తల మీద బియ్యం వేస్తారు. వరుడి బాబాయి పాస్టర్. మన క్రైస్తవుల ఇళ్లలో చాలా చోట్ల అక్షింతలు మాని పువ్వులు చల్లుతారు. ఆయన కూడా జీవితమంతా అదే బోధించారు. తీరా ఇక్కడ సాటి లూథరన్లే బియ్యం చల్లుతున్నారు! ఆయనను ఒప్పించే ప్రయత్నం నేను చేయలేదు. బియ్యానికి ముందు ఆయన చేత తెలుగులో ప్రార్థన చేయించి, తంతు సమయంలో వేదిక దిగి కూర్చునే వీలు కల్పించాము. నాయనమ్మ మాత్రం గుప్పెడు బియ్యం అడిగి తీసుకుని మనవడి తల మీద వేశారు. బోరు వైపు మనిషి వేయవచ్చా అని ఎవరో గొణిగారు. తొంభైకి దగ్గరపడిన ముసలమ్మను ఆపే ధైర్యం ఏ రాజా పర్హతాకూ లేదు.

గుంటూరులో, ఆ తరువాత

గుంటూరు చర్చిలో మళ్లీ పెళ్లి కాకుండా కృతజ్ఞతారాధన మాత్రం జరిగింది. అక్కడే వరుడు సిలువ గుర్తు ఉన్న మంగళసూత్రం కట్టాడు. పట్టుచీరలు, కండువాలు మధ్యాహ్నం విందుకు ముందు పెట్టారు. వధువు పెదనాన్నకు మాత్రం ఆడపెళ్లివారిని రెండో వరుసలో కూర్చోబెట్టడం రుచించలేదు. ఇది గమనించి మాస్టారు తానే లేచి, నెయ్యి గిన్నె పట్టుకుని ఆయన విస్తరి దగ్గర నిలబడి వడ్డించారు. ఇది నా ప్రణాళికలో లేదు. బటక్ లెక్కలో మగపెళ్లివారు చేయవలసిన పని సరిగ్గా అదే.

మరుసటి ఏడు బాలిగెలో వధువు చిన్నాన్న కూతురి పెళ్లి. మన అల్లుడు లుంగీ కట్టుకుని, మనురుంగ్ అన్నలతో కలిసి అన్నం బుట్టలు మోశాడు. ఆ ఫొటో గుంటూరు వాట్సాప్ గ్రూపులో చూసి పెద్దమ్మ బాధపడ్డారు, మాస్టారు నవ్వారు.

ఇప్పుడు వాళ్లకు ఒక ఆడపిల్ల. అమ్మమ్మ, తాతయ్య ఉలోస్ పరోంపా అనే పిల్లను మోసే వస్త్రం, చేపలు తెచ్చారు. మన దగ్గరా పురిటికి కావలసినవి, పిల్లకు బట్టలు పుట్టింటివారే తెస్తారు కాబట్టి ఇక్కడ నేను మార్చవలసింది ఏమీ లేకపోయింది. వివాదం పేరు దగ్గర ఉంది. అదాత్, అంటే వాళ్ల ఆచారం, ప్రకారం పాప మనురుంగ్ ఆడపడుచు. పాస్‌పోర్టు ప్రకారం ఇంటిపేరు గుంటూరుది. రెండూ ఉండాలని ఇద్దరు నాయనమ్మలూ ఒప్పుకున్నారు. ఏది ముందు రాయాలన్నది తేలక బాప్తిస్మం రెండుసార్లు వాయిదా పడింది.